మూడో నెలలో మోసపోవద్దు



మోకాలు పట్టుకుని కుంటుకుంటూ వచ్చిన కుర్రవాళ్ళని "ఏమైంది బాబూ?" అని అడిగితే, చాలామంది ముందు చెప్పేది నొప్పి సంగతి కాదు, చప్పుడు సంగతి. "లోపల టప్‌మందండీ" అంటారు. కబడ్డీలో కూతకెళ్ళి గీత వైపు గిరుక్కున తిరగబోయినప్పుడు, షటిల్ ఆడుతూ ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడు, బండి జారుతోంటే ఆపుకుందామని కాలు నేలకి ఆనించినప్పుడు జరిగేది ఒకటే. పాదం నేలకి అతుక్కుపోతుంది, ఒళ్ళు పక్కకి తిరిగిపోతుంది, మధ్యలో మోకాలు మెలిపడుతుంది. ఆ తర్వాత గంటా రెండు గంటల్లో చిప్ప కనపడనంతగా వాచిపోతుంది.

ఎక్స్‌రే తీస్తారు. ఎముక బాగానే ఉంటుంది. "విరగలేదు, బెణికిందంతే" అన్న మాట వినగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంటు కనిపించదు. దెబ్బ తగిలిన కొద్ది గంటల్లోనే మోకాలు వాచిందంటే చాలాసార్లు లోపల నెత్తురు చేరిందన్నమాట. ఆ వాపుని బెణుకు ఖాతాలో వెయ్యకూడదు. అనుభవమున్న ఎముకల డాక్టరు మోకాలు కాస్త వంచి, తొడని ఒక చేత్తో పట్టుకుని, కింది ఎముకని రెండో చేత్తో ముందుకి లాగి చూస్తారు. మామూలుగా కొంచెం కదిలి టక్కున ఆగాలి. ఆగకుండా ముందుకి వచ్చేస్తుంటే మోకాలి లోపలుండే ఎ.సి.ఎల్. అనే లిగమెంటు తెగిందని అక్కడే చాలావరకు తెలిసిపోతుంది. ఎమ్మారై స్కానింగు దాన్ని ఖాయం చేస్తుంది, పక్కన ఇంకేం దెబ్బతిన్నాయో కూడా చెబుతుంది.

పరీక్ష చేయించుకోకపోతే ఏమవుతుందో చెబుతాను. రెండు మూడు వారాల్లో వాపు తగ్గుతుంది, నడక వస్తుంది, తగ్గిపోయిందనుకుంటారు. తిన్నగా నడిచేటప్పుడు ఎ.సి.ఎల్.తో పెద్దగా పని లేదు. ఆగి పక్కకి తిరిగేటప్పుడు, మెట్లు దిగుతూ ఎవరో పిలిస్తే చటుక్కున మళ్ళేటప్పుడు కావాలి అది. అప్పుడు మోకాలు జారిపోతుంది. మనవాళ్ళు "మోకాలు తప్పుతోందండీ" అంటారు. అలా తప్పినప్పుడల్లా రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ నలుగుతుంది, చిరుగుతుంది. లిగమెంటు తెగడం కన్నా ఎక్కువగా నేను భయపడేది దీని గురించే. లిగమెంటు పోతే ఇంకోటి వెయ్యచ్చు. అరిగిపోయిన మెనిస్కస్‌ని, దాని వెనకే అరిగే గుజ్జుని మునుపటిలా తెచ్చివ్వడం ఇవాళ్టికీ ఎవరి వల్లా కావడం లేదు.

మోకాల్లో ముఖ్యమైన లిగమెంట్లు నాలుగు. పక్కన రెండు, లోపల ఒకదానికొకటి అడ్డంగా దాటుతూ రెండు. ముందు వైపుది ఎ.సి.ఎల్. మోకాలికి లోపలి పక్కన ఉండే లిగమెంటు తెగితే చాలాసార్లు బ్రేసు వేసుకుని జాగ్రత్తగా ఉంటే దానంతటదే అతుక్కుంటుంది. ఎ.సి.ఎల్. అంత సులువుగా అతుక్కోదు. ఎక్కడ గాయమైనా నెత్తురు గడ్డకట్టాలి, ఆ గడ్డ ఆసరాగానే కొత్త కణజాలం పెరగాలి. ఎ.సి.ఎల్. చుట్టూ కీలులోని జిగట ద్రవం ఉంటుంది. తెగిన రెండు కొసల మధ్య గడ్డ నిలవనివ్వదు ఆ ద్రవం. కొసలు కుంచించుకుపోతాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకి వెళ్ళడం మన దగ్గర తరాల నుంచీ ఉంది. ఆ నమ్మకాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ తెగిన ఎ.సి.ఎల్.కి కట్టు పనిచెయ్యదు. సులువుగా అతుక్కోని దాన్ని అతుక్కోమని నెలన్నర కదలకుండా కట్టి ఉంచితే ఆ నెలన్నరలో తొడ సన్నబడిపోతుంది, మోకాలు బిగుసుకుపోతుంది. తర్వాత ఆపరేషన్ చేసినా ఆ కాలిని తిరిగి దారికి తేవడానికి రెట్టింపు కష్టం.

తెగినదాన్ని కుట్టెయ్యచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మొదట వైద్యులకీ అదే తోచింది. 1895లో ఇంగ్లండులోని లీడ్స్‌లో మేయో రాబ్సన్ అనే సర్జను ఒక గని కార్మికుడి మోకాలు తెరిచి, తెగిన లిగమెంట్లని కుట్టాడు. 1917లో బ్రిస్టల్‌కి చెందిన హే గ్రోవ్స్ ఇంకో దారి తొక్కాడు. తెగినదాన్ని వదిలేసి, తొడ పక్కనుండే గట్టి పొర నుంచి ఒక పట్టీ తీసి, ఎముకల్లో రంధ్రాలు చేసి, అందులోంచి దాటించి కొత్త లిగమెంటు వేశాడు. అయినా ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం కుట్లే వేశారు. అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్‌లో అలా కుట్టించుకున్న యువకుల్ని అయిదేళ్ళ తర్వాత పరిశీలించి 1976లో ప్రకటించారు. మొదట్లో బాగున్న మోకాళ్ళు అయిదేళ్ళు తిరిగేసరికి చాలావరకు మళ్ళీ పట్టు తప్పాయి. ఆ తర్వాత గాలి హే గ్రోవ్స్ దారి వైపు మళ్ళింది. సన్నని గొట్టం గుండా కెమెరా పంపి చేసే ఆర్థ్రోస్కోపీ వచ్చాక మోకాలంతా చీల్చే పని తప్పింది. కుట్టే పద్ధతిని కొత్త రూపంలో మళ్ళీ తేవాలని కూడా ప్రయత్నం జరుగుతోంది. రెండు కొసల మధ్య రోగి నెత్తురుతోనే తడిపిన స్పాంజి లాంటిది పెట్టే విధానాన్ని బోస్టన్‌లో డాక్టర్ మార్తా మర్రీ రూపొందించారు. 2020లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. మన దగ్గర ఎ.సి.ఎల్. ఆపరేషన్ అంటే ఇప్పటికీ ఎక్కువగా కొత్త లిగమెంటు వెయ్యడమే.

మరి తెగిన ప్రతివాళ్ళకీ ఆపరేషన్ కావాలా? అక్కర్లేదు. స్వీడన్‌లో 121 మంది యువతీయువకుల్ని రెండు జట్లు చేసి చూశారు. ఒక జట్టుకి వెంటనే ఆపరేషన్. రెండో జట్టులోని 59 మందికి ముందు పద్ధతి ప్రకారం వ్యాయామం, మోకాలు నిలవకపోతేనే ఆపరేషన్. అయిదేళ్ళ తర్వాత చూస్తే రెండో జట్టులో 30 మందికి ఆపరేషన్ కావలసి వచ్చింది, మిగతా వాళ్ళకి అవసరం పడలేదు. నొప్పి, నడక, రోజువారీ పనుల లెక్కలో రెండు జట్లూ ఇంచుమించు సమానంగానే ఉన్నాయి. అందుకే షాపులో కూర్చుని వ్యాపారం చేసుకునే నలభై అయిదేళ్ళ మనిషి మోకాలు జారడం లేదంటే, మూడు నెలలు తొడకి బలం తెచ్చుకుని చూద్దాం అనడంలో తప్పు లేదు. కబడ్డీ ఆడి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకోవాలనుకునే అమ్మాయికి, ఇటుక మోస్తూ పరంజా ఎక్కి దిగే మేస్త్రీకి, మెనిస్కస్ కూడా చిరిగి మాటిమాటికీ మోకాలు తప్పుతున్న వాళ్ళకి ఆపరేషనే మంచిది. అది కూడా దెబ్బ తగిలిన వారంలోనే పరిగెత్తుకెళ్ళి చేయించుకోనక్కర్లేదు. మెనిస్కస్ మధ్యలో ఇరుక్కుని మోకాలు బిగుసుకుపోతే తప్ప, వాపు తగ్గి, కాలు పూర్తిగా చాచడం వచ్చాక చేయించుకున్న వాళ్ళే త్వరగా కోలుకుంటారు.

ఆపరేషన్ గంటా గంటన్నర పని. తొడ వెనక లోపలి పక్కనుండే రెండు సన్నని టెండన్లు తీసి మడతలు పెట్టి వాడతారు. లేదా మోకాలిచిప్ప కింది టెండన్‌లో నడిమి భాగాన్ని రెండు చివరలా చిన్న ఎముక ముక్కలతో సహా తీస్తారు. పై ఎముకలో, కింది ఎముకలో సొరంగాలు తొలిచి, అందులోంచి లాగి స్క్రూతోనో బటన్‌తోనో బిగిస్తారు. ఏ టెండన్ తియ్యాలన్నది సర్జను నిర్ణయిస్తారు. కానీ మీరు చెప్పవలసింది ఒకటుంది. చిప్ప కింది టెండన్ తీసిన వాళ్ళలో కొందరికి మోకాళ్ళ మీద వంగితే చాన్నాళ్ళు నొప్పి పుడుతుంది. రోజూ నమాజు చేసుకునేవాళ్ళు, చర్చిలో మోకరిల్లేవాళ్ళు, నేల మీద మోకాళ్ళూని టైల్సు పరిచే పనివాళ్ళు ఆ సంగతి ఆపరేషన్‌కి ముందే చెప్పుకోవాలి.

ఇక ఆ గంటన్నర తర్వాత గడవాల్సిన ఏడాది గురించి చెబుతాను. ఈ ప్రసంగం చెయ్యడానికి ఒప్పుకున్నదే దానికోసం.

ఆపరేషనై ఇంటికొచ్చిన రోజు అమ్మో, భార్యో ముందు చేసే పని మోకాలి కింద దిండు పెట్టడం. ప్రేమతోనే పెడతారు. దిండు మీద మోకాలు కాస్త వంగి ఉంటే హాయిగా ఉంటుంది. ఆ హాయే తర్వాత కుంటు నడక అవుతుంది. కాలు పూర్తిగా చాచే శక్తి మొదటి వారాల్లో తిరిగి రాకపోతే తర్వాత రావడం చాలా కష్టం. అమ్మలూ, అక్కలూ, దయచేసి ఆ దిండు తీసెయ్యండి. తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టండి. మోకాలు గాల్లో ఉండాలి, దాని బరువుకి అదే తిన్నగా సాగాలి. నొప్పిగా ఉందని పిల్లవాడు విసుక్కుంటాడు. పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి గానీ దిండు మాత్రం పెట్టకండి.

రెండో సంగతి తొడది. మోకాల్లో వాపుంటే మెదడు తొడ ముందు కండకి ఆజ్ఞ పంపడం తగ్గిస్తుంది. మంచి కండలు తిరిగిన ఆటగాడి తొడ మీద అరచెయ్యి వేసి "బిగించు నాయనా" అంటాను. పళ్ళు బిగిస్తాడు, పిడికిళ్ళు బిగిస్తాడు, అవతలి కాలు బిగుస్తుంది. నా చేతి కింద కండ మాత్రం ఉలకదు. పక్షవాతం వచ్చిందేమో అని హడలిపోతాడు. అదేం కాదని చెప్పి, మంచి కాలితో ముందు చేయించి, ఇది ఎలా ఉందో చూసుకో అని అతని చేతినే ఆ తొడ మీద పెట్టిస్తాను. చేస్తూ ఉండగా ఒక పూట వేలి కింద చిన్న అదురు తగులుతుంది. ఆ అదురుని పట్టుకుని రోజుకి పదిసార్లు, ఇరవైసార్లు పెంచుకుంటూ పోవాలి. ఈ పనికి యంత్రం అక్కర్లేదు, జిమ్ము అక్కర్లేదు. మంచం చాలు. మన ఊళ్ళలో ఫిజియో దగ్గరికి రావాలంటే రెండు బస్సులు మారాలి, ఒక రోజు కూలి పోతుంది. అందుకే మొదటి నెల వ్యాయామాలు ఇంట్లో చేసుకునేలా నేర్పమని మీ ఫిజియోని గట్టిగా అడగండి. అది మీ హక్కు. ఈ రోజుల్లోనే పిక్క వాచి నొప్పి పెట్టినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కనిపించినా ఆలస్యం చెయ్యకుండా ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

చంకకర్రలు వదిలి, సైకిల్ తొక్కడం మొదలుపెట్టి, మూడో నెల వచ్చేసరికి నడక చక్కబడుతుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు. సరిగ్గా అప్పుడే ఫిజియో దగ్గరికి రావడం మానేస్తారు. "ఇప్పుడు బాగుందండీ" అని ఫోన్లో చెబుతారు. లోపల ఏం జరుగుతోందో వాళ్ళకి తెలియదు. నారు పీకి పొలంలో నాటితే, మూన తిరిగేదాకా ఆ పైరు పచ్చగా నిలబడ్డా దానికి వేరు పట్టు ఉండదు కదా. ఇదీ అంతే. ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట బిగించిన టెండన్‌కి నెత్తురు సరఫరా తెగిపోతుంది. దాని కణాలు చాలావరకు చనిపోతాయి. మెల్లగా కొత్త రక్తనాళాలు పాకుతాయి, కొత్త కణాలు చేరతాయి, పాత పోగుల్ని కరిగించి కొత్తవి పేరుస్తాయి. పాతది కరిగి కొత్తది ఇంకా ముదరని సమయం సుమారు ఆరో వారం నుంచి మూడో నెల దాకా నడుస్తుంది. ఆపరేషన్ నాటికన్నా ఆ టెండన్ బలహీనంగా ఉండేది అప్పుడే. పైకి మోకాలు హాయిగా ఉండేదీ అప్పుడే. అది నిజమైన లిగమెంటులా ముదరడానికి ఏడాది, కొందరిలో రెండేళ్ళు పడుతుంది.

ఆ నెలల్లో దెబ్బ తినేది మైదానంలోనే అనుకోకండి. పెళ్ళి ఊరేగింపులో తీన్మార్ డప్పు వినపడగానే నాలుగు స్టెప్పులేసి మళ్ళీ మంచం ఎక్కినవాళ్ళున్నారు. పాత బండి కిక్ కొట్టబోయి జారినవాళ్ళున్నారు. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని భోజనానికి కూర్చోవడం డాక్టరు సరేననేదాకా ఆపాలి. మెనిస్కస్ కుట్టి ఉంటే మరీను. ఇంట్లో కింద కూర్చునే మరుగుదొడ్డే ఉంటే, కమోడ్ కుర్చీ ఒకటి ఆపరేషన్‌కి ముందే తెచ్చి పెట్టుకోండి. దీని గురించి ఆసుపత్రిలో అడగడానికి మొహమాటపడేవాళ్ళు ఎందరో.

నాలుగో నెల తర్వాత, తొడ బలం వచ్చినవాళ్ళకి మెల్లగా పరుగు. ఆ తర్వాత గెంతడం, దిగడం, దిశ మార్చడం. మళ్ళీ ఆటలోకి ఎప్పుడు అంటే, తొమ్మిది నెలల లోపు వద్దంటాను. ఇది నా చాదస్తం కాదు. నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి చేసి 2016లో ప్రకటించిన అధ్యయనంలో, తొమ్మిది నెలల దాకా ఆట వాయిదా వేసిన ప్రతి నెలకీ మళ్ళీ దెబ్బ తగిలే అవకాశం సుమారు సగం చొప్పున తగ్గింది. క్యాలెండర్ ఒక్కటే చాలదు కూడా. రెండు తొడల బలం కొలవాలి. ఒంటికాలితో ఎంత దూరం గెంతగలరో రెండు కాళ్ళకీ చూడాలి. ఆపరేషన్ కాలు మంచి కాలితో పోలిస్తే నూటికి తొంభై వంతులకి తగ్గకూడదు. టోర్నమెంటు ఉందని తొందరపెట్టే కోచ్‌లకి, సెలెక్షన్లు ఉన్నాయని తొందరపెట్టే తండ్రులకి ఈ లెక్క వినిపించాలని నా తపన.

మన దగ్గర ఈ విషయంలో చెప్పుకోదగ్గ మోకాలు బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ గారిది. 1994లో పుణెలో జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతూ, జోడీ ఆటగాడితో ఢీకొని ఎ.సి.ఎల్. తెంచుకున్నారు. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్ళు. ఇప్పుడున్నన్ని సౌకర్యాలు అప్పుడు లేవు. ఆపరేషన్లు ఒకటికి మించి అయ్యాయి. 1996లో జాతీయ చాంపియన్ అయ్యారు, 2000 దాకా వరసగా అయిదుసార్లు గెలిచారు. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ తెచ్చారు. ఆ గెలుపుని అందరూ గుర్తుపెట్టుకుంటారు. దెబ్బకీ ఆ గెలుపుకీ మధ్య ఏడేళ్ళున్నాయని నేను నా దగ్గరికొచ్చే పిల్లలకి చెబుతుంటాను.

రెండో వైపు కూడా చెప్పాలి. రియో ఒలింపిక్స్ ఫైనల్లో మన సింధుని ఓడించిన కరోలినా మారిన్ మీకు గుర్తుండే ఉంటుంది. 2019 జనవరిలో జకార్తాలో సైనా నెహ్వాల్‌తో ఫైనల్ ఆడుతూ కుడి మోకాలి ఎ.సి.ఎల్. తెంచుకుంది. ఆ సెప్టెంబరులోనే చైనా ఓపెన్ గెలిచి లోకాన్ని అబ్బురపరిచింది. 2021లో ఎడమ మోకాల్లో అదే తెగింది, టోక్యో ఒలింపిక్స్ పోయాయి. 2024లో పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో గెలుపు వాకిట్లో ఉండగా మళ్ళీ కుడి మోకాలే. కోర్టు మీద ఆమె ఏడుస్తుంటే టీవీ చూస్తున్న నాకూ కన్నీళ్ళు ఆగలేదు. మేటి వైద్యులు, మేటి శిక్షకులు పక్కనున్న మనిషికే ఇలా జరిగింది. ఎ.సి.ఎల్. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ మీద వచ్చిన అనేక అధ్యయనాల్ని కలిపి చూస్తే, నూటికి 81 మంది ఏదో ఒక ఆటకి తిరిగి వెళ్ళారు, 65 మంది మునుపటి స్థాయికి చేరారు, పోటీల్లోకి వెళ్ళింది 55 మంది. వెళ్ళలేని వాళ్ళలో చాలామందిని ఆపింది మోకాలు కాదు, భయం. ఆ భయాన్ని పిరికితనం అనకండి. దాన్ని కూడా కండతో పాటే, చిన్న చిన్న గెంతులతో మొదలుపెట్టి పోగొట్టాలి.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ఒక ముఖ్యమైన మాట. ఒకే ఆట ఆడే అబ్బాయిల కన్నా అమ్మాయిలకి ఎ.సి.ఎల్. తెగే ప్రమాదం రెండు రెట్లు, కొన్ని ఆటల్లో ఇంకా ఎక్కువ. అలాగని ఆట మానిపించకండి. ఆటకి ముందు ఇరవై నిమిషాలు పద్ధతిగా వార్మప్ చేయించే కోచ్‌ని వెతకండి. గెంతి దిగేటప్పుడు మోకాళ్ళు ఒకదానివైపు ఒకటి ఒరిగిపోకుండా, వంచి మెత్తగా దిగడం నేర్పాలి. ఫుట్‌బాల్ కోసం ఫిఫా తయారు చేయించిన ‘లెవెన్ ప్లస్’ అనే వార్మప్‌లో ఇవన్నీ ఉన్నాయి. దానికి ఖర్చేమీ లేదు. మన హైస్కూలు కబడ్డీ కోర్టుల్లో కూడా అది మొదలుకావాలి.

ఆపరేషన్ చక్కగా జరిగినా, లిగమెంటు గట్టిగా నిలిచినా, ఒకసారి ఎ.సి.ఎల్. తెగిన మోకాలికి పదీ ఇరవై ఏళ్ళలో గుజ్జు అరిగే ప్రమాదం మిగతావాళ్ళ కన్నా ఎక్కువే. ఇరవై ఏళ్ళప్పుడు దెబ్బ తగిలిన మనిషి నలభై లోపే మోకాళ్ళ నొప్పులతో రావడం చూస్తున్నాం. దానికి అడ్డుకట్ట రెండే. ఒంటి బరువు పెరగనివ్వకపోవడం, తొడ బలం తగ్గనివ్వకపోవడం. సైకిల్ తొక్కండి, ఈత వస్తే ఈదండి, నడవండి.

ఆపరేషనై ఏడాది దాటినవాళ్ళు, ఇప్పుడు నొప్పీ వాపూ లేనివాళ్ళు, ఇవాళ సాయంత్రం ఒక పని చెయ్యండి. గోడకి ఆనించిన కుర్చీలో కూర్చుని, పక్కన ఒక మనిషిని నిలబెట్టుకుని, చేతులు కట్టుకుని, ముందు మంచి కాలితో ఒంటికాలి మీద లేవండి. తర్వాత ఆపరేషన్ కాలితో లేవండి. మంచి కాలితో సులువుగా లేచి, ఈ కాలితో లేవలేకపోయినా, లేచేటప్పుడు మోకాలు లోపలికి ఒరుగుతున్నా, ఆ తొడకి ఇంకా పని మిగిలి ఉంది. పాత ఆపరేషన్ కాగితాలు తీసుకుని దగ్గర్లోని ఫిజియో దగ్గరికి వెళ్ళండి. రెండేళ్ళయినా, అయిదేళ్ళయినా ఆ కండ పెరుగుతుంది.